54 రోజుల్లో చేతులు మారిన ఆసుపత్రి

(గుంటూరులో న్యాయశాస్త్ర, నర్సింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో రెండింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన టాపిక్ "ప్రజారోగ్యం, ఆస్తి హక్కు". అంత పెద్ద విషయం మీద గంటసేపు మాట్లాడితే మీకు నిద్ర, నాకు నీరసం. అందుకని ఒక్క ఆసుపత్రి కథ చెప్పి ఊరుకుంటాను. ఊరు కాన్‌బెర్రా, ఆస్ట్రేలియా రాజధాని. ఆసుపత్రి పేరు కల్వరి. 2023 మే 10న అక్కడి ప్రభుత్వం ఈ ఆసుపత్రిని స్వాధీనం చేసుకుంటున్నామని ప్రకటించింది. మే 31న శాసనసభ చట్టం చేసేసింది. జులై 3 తెల్లారేసరికి ఆసుపత్రి ప్రభుత్వానిది. 54 రోజులు! మన దగ్గర పెద్దాసుపత్రిలో లిఫ్ట్ పాడైతే ఆ ఫైలు కలెక్టరాఫీసు మెట్లెక్కడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. (నవ్వులు)

అలా నవ్వేశాం గానీ, ఆ వేగమే ఇందులో అసలు గొడవ. ఆ సంగతికి వస్తాను. ముందు ఆసుపత్రి ఎవరిదో చూద్దాం. ఎందుకంటే ఎవరిదన్నదే తేలని వ్యవహారం ఇది.

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ అనే ఊళ్లో 1877లో మేరీ పాటర్ అనే ఆవిడ ఒక కాథలిక్ సిస్టర్ల సంఘం పెట్టింది. పేరు లిటిల్ కంపెనీ ఆఫ్ మేరీ. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన కూర్చుని సేవ చేయడం వాళ్ల వ్రతం. లేత నీలం ముసుగు వేసుకునేవారు కాబట్టి జనం బ్లూ నన్స్ అనేవారు. 1885లో కొంతమంది ఓడెక్కి సిడ్నీ వచ్చారు. తర్వాత ఆస్ట్రేలియాలో చాలాచోట్ల ఆసుపత్రులు పెట్టారు.

1971లో కేంద్ర ప్రభుత్వమే వాళ్లతో ఒప్పందం చేసుకుంది. రాజధాని ఉత్తర భాగం పెరుగుతోంది, అక్కడొక ఆసుపత్రి కావాలి, మీరు నడపండి అని. 1979లో బ్రూస్ అనే పేటలో కల్వరి ఆసుపత్రి తెరుచుకుంది. ఇక్కడ లా స్టూడెంట్లు ఒక సంగతి గమనించాలి. కాన్‌బెర్రాలో భూమి ఎవరికీ సొంతం కాదు. ఊరు కట్టినప్పటి నుంచీ అంతా లీజే. ఇళ్ల స్థలాలైనా మామూలుగా 99 ఏళ్ల లీజు మీదే ఉంటాయి. కాబట్టి కల్వరి కింద నేల సర్కారుది, లీజు సిస్టర్ల సంస్థది. రోజువారీ ఖర్చు సర్కారుది, యాజమాన్యం సంస్థది. లోపలికి వచ్చే రోగి పైసా కట్టక్కర్లేదు, అది పబ్లిక్ ఆసుపత్రి. గోడ మీద మాత్రం శిలువ.

మన భాషలో చెప్పాలంటే, తండ్రి కొన్న స్థలంలో, తండ్రి డబ్బుతో, పెద్దకొడుకు పేరు మీద కట్టిన ఇల్లు. తండ్రి ఉన్నంతకాలం ఎవరూ దస్తావేజు తీయరు. గొడవొచ్చిన రోజు అందరూ బీరువా దగ్గరికే పరిగెడతారు.

ఇక్కడ తండ్రి కూడా మారిపోయాడు. ఒప్పందం రాసుకున్నది కేంద్రం. 1989లో కాన్‌బెర్రాకు స్వపరిపాలన వచ్చింది. సొంత శాసనసభ, సొంత ముఖ్యమంత్రి. ఒకటే సభ, పైసభ లేదు. ఇప్పుడు 25 మంది సభ్యులు. పాత ఒప్పందం ఈ చిన్న ప్రభుత్వం నెత్తిన పడింది. అప్పటి నుంచీ సణుగుడే.

2009లో మొదటి ప్రయత్నం జరిగింది. అప్పటి ఆరోగ్య మంత్రి కేటీ గల్లాగర్. 77 మిలియన్ డాలర్లకు కొనేస్తామని బేరం పెట్టారు. సంస్థ మొదట తలూపింది. చర్చి పెద్దల నుంచి అభ్యంతరాలు వచ్చాయి, మరుసటి ఏడాది బేరం చెడింది. 2011లో కొత్త ఒప్పందం రాసుకున్నారు. 2023లో ప్రభుత్వం చట్టం చేసేనాటికి ఆ ఒప్పందానికి ఇంకా 76 ఏళ్లు మిగిలి ఉన్నాయి.

76 ఏళ్లు! రాసుకున్నవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు, సాక్షులు, ఎవరూ బతికి ఉండని గడువు. వైద్యం అంత కాలం ఒక్కలా ఉంటుందా? 1971లో సీటీ స్కాన్ అప్పుడప్పుడే పుడుతోంది. అంత పొడుగు కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన అధికారుల మీద నాకు చర్చి కంటే, ఇప్పటి మంత్రి కంటే ఎక్కువ కోపం.

సరే, 2023లో ప్రభుత్వం ఏమంది? ఉత్తర కాన్‌బెర్రాలో బిలియన్ డాలర్ల పైచిలుకుతో కొత్త ఆసుపత్రి కడుతున్నాం, అంత ప్రజాధనం వేరే వాళ్ల యాజమాన్యంలో ఉన్న చోట పోయలేం అంది. ఊరు మొత్తం కలిపి నాలుగున్నర లక్షల జనం. పెద్ద పబ్లిక్ ఆసుపత్రులు రెండే. ఊరి మధ్యలో ఉన్న సరస్సుకు దక్షిణాన కాన్‌బెర్రా హాస్పిటల్, ఉత్తరాన కల్వరి. ఒకటి ప్రభుత్వం కింద, ఒకటి సంస్థ కింద. అక్కడ మంచాలు ఖాళీ, ఇక్కడ కారిడార్‌లో స్ట్రెచర్లు, అలాంటప్పుడు సర్దుబాటు చేయాలంటే రెండు యాజమాన్యాలు ఉత్తరాలు రాసుకోవాలి. డాక్టర్లు, నర్సుల పోస్టులూ వేర్వేరు. 2022 డిసెంబరులో కల్వరి ఆపరేషన్ థియేటర్లలో అగ్నిప్రమాదం జరిగి సర్జరీలు వేరే చోట్లకు తరలించాల్సి వచ్చినప్పుడు ఈ ఇబ్బంది అందరికీ కనిపించింది. ఆరోగ్య మంత్రి రేచల్ స్టీఫెన్-స్మిత్ ఇదంతా చెప్పి ఒక మాట గట్టిగా అన్నారు, ఇందులో మతం ప్రసక్తి లేదని.

ఆ మాట నేను పూర్తిగా నమ్మను. ఎందుకో చెప్తాను. నర్సింగ్ అమ్మాయిలు కొంచెం శ్రద్ధగా వినండి, ఇది మీ లేబర్ రూమ్ కథే.

ఒకావిడ ఉందనుకోండి. రెండో కాన్పు, సిజేరియన్ తప్పదన్నారు. మొగుడూ పెళ్లాం మాట్లాడుకున్నారు, ఇద్దరు చాలు అనుకున్నారు. మన ఊళ్లో ఆవిడ ఏమంటుంది? "డాక్టరమ్మా, ఎలాగూ పొట్ట కోస్తున్నారుగా, పనిలో పని ఆపరేషన్ కూడా చేసేయండి." ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ అంటే ఏ ఆపరేషనో వివరించక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో 70 శాతం దాకా ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. థియేటర్‌లో అదనంగా పట్టేది కొద్ది నిమిషాలు. మత్తు ఇచ్చేశారు, పొట్ట తెరిచే ఉంది, ట్యూబులు కళ్లెదుటే ఉన్నాయి. ఒకవైపు కట్టి కత్తిరిస్తారు, రెండోవైపు కట్టి కత్తిరిస్తారు, కుట్లు వేస్తారు.

కాథలిక్ నియమావళి ప్రకారం నడిచే ఆసుపత్రిలో ఆ కొద్ది నిమిషాల పని చేయరు. ట్యూబెక్టమీ చేయరు, వేసెక్టమీ చేయరు, కోరి చేయించుకునే అబార్షన్ చేయరు, ఐవీఎఫ్ చేయరు. ఆస్ట్రేలియాలో కాథలిక్ ఆసుపత్రులకు 2001లో అచ్చువేసిన నైతిక నియమావళే ఉంది. ఆవిడ కుట్లు మానాక ఇంకో ఆసుపత్రికి వెళ్లాలి, మళ్లీ మత్తు, మళ్లీ కోత, చంకలో పసిబిడ్డ. సిస్టర్ల దృష్టిలో ఇది మనస్సాక్షి ప్రశ్న. అది నటన కాదు, నిజంగానే నమ్ముతారు. నేను దాన్ని గౌరవిస్తాను. ప్రైవేటు ఆసుపత్రి అయితే వాళ్ల ఇష్టం, మనకు నచ్చకపోతే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. కానీ ఊళ్లో ఆ వైపున ఉన్న ఒకే ఒక్క పెద్ద పబ్లిక్ ఆసుపత్రి ఇలా కాదంటే, ఆ నమ్మకం లేని ఆడమనిషి కూడా దానికి కట్టుబడాల్సిందే. ఇల్లు సరస్సుకు ఏ పక్కన ఉందన్న దాన్ని బట్టి ఏ వైద్యం దగ్గర్లో దొరుకుతుందో తేలిపోతుంది. పైగా దానికి జీతాలిచ్చేది ఆవిడ కట్టే పన్నే.

2023 ఏప్రిల్‌లో, అంటే ప్రకటనకు నెల ముందు, శాసనసభ కమిటీ ఒకటి అబార్షన్ సేవల మీద నివేదిక ఇచ్చింది. మత విలువల వల్ల కల్వరిలో ఈ సేవలు అందకపోవడం సమస్య అని అందులో రాశారు. అదే ఏప్రిల్‌లో ప్రభుత్వం 16 వారాల లోపు అబార్షన్లు ఉచితం చేసింది. ఇంకొకటి ఉంది. తీరని జబ్బుతో ఉన్నవాళ్లు డాక్టర్ల సాయంతో ప్రాణం విడిచే చట్టాలు చేసుకోకుండా కాన్‌బెర్రా మీద 1997 నుంచి కేంద్రం పెట్టిన నిషేధం 2022 డిసెంబరులో తొలగిపోయింది. అలాంటి చట్టం రాబోతోందని అందరికీ తెలుసు, 2024లో వచ్చింది కూడా. మరణశయ్య దగ్గర సేవ కోసమే పుట్టిన సంఘం ఆ చట్టాన్ని తన వార్డుల్లో అమలు చేస్తుందా? చచ్చినా చేయదు.

ఇన్ని సంగతులు ఒకేసారి కళ్లముందు ఉండగా, మతం ప్రసక్తి లేదంటే ఎవరు నమ్ముతారు? ఉందని ఒప్పుకుని, పబ్లిక్ ఆసుపత్రిలో పబ్లిక్ వైద్యం మొత్తం దొరకాలి, అందుకే తీసుకుంటున్నాం అని చెప్పి ఉంటే నేను మంత్రిగారికి లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ని. అది సమర్థించుకోగల కారణం. దాన్ని మంచాల లెక్కల వెనక దాచిపెట్టారు. అప్పటికి ఆర్చ్‌బిషప్ క్రిస్టఫర్ ప్రౌస్ రెచ్చిపోయి మాట్లాడారంటే మాట్లాడరా మరి? 30 వేల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. మాజీ ప్రధాని టోనీ అబాట్ దుమ్మెత్తిపోశారు. ప్రధాని అల్బనీస్ మాత్రం అది స్థానిక ప్రభుత్వం వ్యవహారం అని పక్కకు తప్పుకున్నారు.

వాళ్ల బాధ గుంటూరు వాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పాలా? మెల్‌బోర్న్‌లో ఎండీ చేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ ప్రాక్టీసు వదిలేసి, 1920లో ఈ ఊరికే వచ్చి, ఇక్కడే సిస్టర్ అయింది. మన సెయింట్ జోసఫ్ ఆసుపత్రి ఆవిడ చేతుల మీదుగా ఎదిగిందే. 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కూర్చింది కూడా ఆవిడే. ప్రభుత్వం వైపు నుంచి డాక్టరే దొరకని కాలంలో ఇలాంటి ఆడవాళ్లు జీతం లేకుండా పనిచేశారు. ఆ చరిత్ర తలకెత్తుకున్న సంస్థకు మూడు వారాల్లో చట్టం చేసి, "తాళాలు ఇచ్చేయండి" అంటే చురుక్కుమంటుంది.

ఇప్పుడు చట్టం సంగతి. ఆస్ట్రేలియా రాజ్యాంగం 51వ సెక్షన్‌లో 31వ క్లాజు ఉంది. కేంద్రం ఎవరి ఆస్తయినా తీసుకుంటే న్యాయమైన షరతుల మీదే తీసుకోవాలి. కాన్‌బెర్రా స్వపరిపాలన చట్టంలో 23వ సెక్షన్ అదే కట్టుబాటును స్థానిక శాసనసభ మీద పెట్టింది. కాబట్టి నష్టపరిహారం ఇవ్వకుండా లాక్కోవడం కుదరదు. కల్వరి సంస్థ కోర్టుకు వెళ్లింది. ఈ చట్టంలో న్యాయమైన షరతులకు సరైన ఏర్పాటు లేదని వాదించింది. జూన్ 9న సుప్రీంకోర్టు ఫుల్ బెంచ్ ఆ వాదన కొట్టేసింది. (అక్కడ సుప్రీంకోర్టు అంటే మన హైకోర్టు స్థాయి, కంగారు పడకండి.) బదిలీ ఆగలేదు.

మానవ హక్కుల చట్టం ఏమైంది అని మీకు అనుమానం రావాలి. ఆస్ట్రేలియాలో మొట్టమొదట మానవ హక్కుల చట్టం చేసుకున్నది కాన్‌బెర్రానే, 2004లో. కానీ ఆ చట్టంలో హక్కులు మనుషులకే, సంస్థలకు లేవు. ఆస్తి హక్కు అందులో అసలు రాయనే లేదు. సిస్టర్‌కు మత స్వేచ్ఛ ఉంది, సిస్టర్ల కంపెనీకి లేదు.

నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. మామూలుగా బిల్లు వస్తే శాసనసభ కమిటీ దాన్ని పరిశీలిస్తుంది, జనాన్ని పిలుస్తుంది, రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకుంటుంది. ఈ బిల్లుకు అది జరగలేదు. అధికారంలో ఉన్న లేబర్, గ్రీన్స్ పార్టీలు కలిస్తే మెజారిటీ ఉంది, ప్రతిపక్షం లిబరల్స్ వద్దన్నారు, ఓటింగ్ పెట్టారు, అయిపోయింది. ఆపడానికి పైసభ లేదు. ఆసుపత్రిని తీసుకోవడం సబబేనని నేను అనుకుంటున్నాను. 76 ఏళ్ల కాంట్రాక్టు కింద ప్రజల వైద్యం నలగడం కంటే అదే నయం. అయితే మూడు నెలల కమిటీ విచారణ జరిగితే కొంప మునిగేది కాదు. అందులో సిస్టర్లు మాట్లాడేవారు, సిజేరియన్ బల్ల మీద కాదనిపించుకున్న ఆవిడా మాట్లాడేది. ఇద్దరి మాటా రికార్డులో ఉండేది.

సుమారు 1,800 మంది సిబ్బంది. ఉద్యోగం పోదు, జీతం తగ్గదు అని హామీ ఇచ్చారు. అయినా ఆ రెండు నెలలు వాళ్ల టెన్షన్ ఊహించుకోండి. చేస్తున్న వార్డు అదే, పడుకున్న రోగి అతనే, యజమాని ఎవరో తెలియదు. గోడ మీద పెద్ద నీలం శిలువను దించారు. బోర్డు మార్చారు, నార్త్ కాన్‌బెర్రా హాస్పిటల్ అని. పక్కనే కల్వరి వాళ్ల ప్రైవేటు ఆసుపత్రి ఉంది, దాని జోలికి పోలేదు.

ఇదే చిక్కుముడిని ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ ఇంకోలా విప్పింది. విప్పిందా, ఇంకొంచెం బిగించిందా అన్నది మీ ఇష్టం. అక్కడి జాతీయ ప్రసూతి ఆసుపత్రిని సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి ఆవరణకు మార్చాలని 2013లో అనుకున్నారు. ఆ ఆవరణ సిస్టర్స్ ఆఫ్ ఛారిటీ వాళ్లది. ప్రభుత్వ డబ్బుతో కట్టే ప్రసూతి ఆసుపత్రి సిస్టర్ల స్థలంలో ఏంటని ఊరంతా గోల. సిస్టర్లు తప్పుకున్నారు, వాటాలు ఇంకో సంస్థకు బదిలీ చేశారు, 2022 మేలో మంత్రివర్గం 299 ఏళ్ల లీజుకు ఒప్పుకుంది. తొమ్మిదేళ్లు వాదించుకుని కూడా స్థలం కొనలేకపోయారు. కాన్‌బెర్రా వాళ్లు 54 రోజుల్లో ముగించారు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట సరైన గడువు ఉండి ఉంటుంది.

మరి ఎన్నికల్లో జనం ఏం చేశారంటారా? 2024 అక్టోబరులో ఎన్నికలు వచ్చాయి. ఆండ్రూ బార్ నాయకత్వంలో లేబర్ పార్టీయే మళ్లీ అధికారంలోకి వచ్చింది. అంత గొడవ చేసిన లిబరల్స్‌కు అంతకుముందూ తొమ్మిది సీట్లే, ఇప్పుడూ తొమ్మిదే.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (నర్సింగ్ విద్యార్థిని): మేడమ్ వాళ్లు మాకు మనస్సాక్షి హక్కు గురించి చెప్పారు సార్. రేపు నేను చేయలేనని చెబితే ఉద్యోగం పోతుందా?

మంచి ప్రశ్నమ్మా. నీకూ ఆసుపత్రికీ తేడా ఉంది. నువ్వు ఒక మనిషివి. డ్యూటీలో నీ బదులు ఇంకొకరు ఆ కేసు చూడొచ్చు, రోగికి ఆలస్యం కాకుండా చూసుకుంటే సరిపోతుంది. అబార్షన్లలో పాల్గొనడం ఇష్టం లేని సిబ్బంది పక్కకు తప్పుకునే వీలు కాన్‌బెర్రా చట్టంలో కూడా ఉంది, ఎమర్జెన్సీలో తప్ప. కానీ భవనం మొత్తం చేయనంటే రోగికి బదులెవరు? నేను ఇందాకటి నుంచి అంటున్నది ఆ భవనం గురించే, నీ గురించి కాదు.

ప్రశ్న (లా విద్యార్థి): ఇలాంటి స్వాధీనం మన దగ్గర కుదురుతుందా సార్?

ముందు మన దగ్గర గాలి ఎటు వీస్తోందో చూడు. 2021లో ఎయిడెడ్ విద్యాసంస్థలను "ఆస్తులతో అప్పగిస్తారా, సిబ్బందిని ఇచ్చేసి ప్రైవేటుగా నడుపుకుంటారా" అని అడిగితే తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2025లో కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీకి, అంటే ప్రైవేటు భాగస్వామ్యానికి ఇస్తామంటే అప్పుడూ రోడ్డెక్కారు. తీసుకుంటే ఒక గొడవ, ఇస్తే ఒక గొడవ. ఆ పీపీపీ ఒప్పందాలు ఎన్నేళ్లకు రాస్తున్నారో, మధ్యలో తెంచుకోవాలంటే దారేంటో అన్న పేజీ తీసి చదవండి. మన వాళ్లు ధర్నాల్లో ఆ పేజీ గురించి అడగడం నేను చూడలేదు.

ఇక చట్టం. ఆస్తి మనకిప్పుడు ప్రాథమిక హక్కు కాదు. 1978లో 44వ సవరణ దాన్ని 300ఎ అధికరణంలోకి నెట్టింది. చట్టం ప్రకారం తీసుకోవచ్చు. మైనారిటీ విద్యాసంస్థ అయితే 30వ అధికరణం కాపాడుతుంది, కానీ అది విద్యాసంస్థలకే, ఆసుపత్రికి వర్తించదు. ఆసుపత్రికి దొరికేది 26వ అధికరణం. ధార్మిక సంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ప్రతి మతశాఖకూ ఉంది. ఇక్కడ సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. 1954లో రతిలాల్ గాంధీ కేసులో, మతశాఖ ఆస్తి నిర్వహణను పూర్తిగా తీసేసి ఇంకొకరి చేతిలో పెడితే అది హక్కును కాలరాయడమే అంది. ఖాజామియాన్ వక్ఫ్ కేసుకు వచ్చేసరికి, ఆస్తినే సేకరించుకోవడానికి మాత్రం 26 అడ్డురాదు అంది. అంటే మేనేజ్‌మెంట్ ఒక్కటే లాక్కుంటే తప్పు, పరిహారం ఇచ్చి మొత్తం తీసుకుంటే ఒప్పు అన్నట్టు తేలుతోంది. కల్వరిలో రెండూ కలిపి ఒకే రోజు తీసుకున్నారు. మన కోర్టు అయితే ఈ రెండు తీర్పుల్లో దేని కింద చూసేది? దానికి తోడు 26వ అధికరణం మొదట్లోనే "ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి" అని ఉంది. ఆరోగ్యం అన్న ఆ ముక్కను ఆసుపత్రి కేసులో ఎంత దూరం లాగొచ్చో ఎల్ఎల్ఎం థీసిస్ కోసం టాపిక్ వెతుక్కుంటున్న వాళ్లెవరైనా రాయండి, నేను గైడ్‌గా ఉంటాను.